ఎర్ర పెన్సిల్

ఫొటోలో ఉన్న లెక్కల యంత్రానికి పేరుంది. దాన్ని తయారుచేసిన కంపెనీకి పేరుంది. వెనక గోడకి వేలాడే గడియారం ఎవరో దాత ఇచ్చిందట, ఆయన పేరు కూడా ఉంది. ముందు వరసలో, మీటలమీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆరుగురు ఆడవాళ్ళకి మాత్రం అందరికీ కలిపి ఒకటే మాట: సహాయకురాళ్ళు.

హంసిక ఫొటో కింద పెట్టబోయే ఆ వివరాల కాగితాన్ని రెండుసార్లు మనసులో చదువుకుంది. మూడోసారి పైకి చదివింది.

"గ్రెగ్, వీళ్ళు ఎవరికి సహాయం చేస్తున్నారు?"

గ్రెగ్ ఆ చిన్న మ్యూజియానికి క్యూరేటర్. కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "డాక్టర్ క్రేన్‌కి. పక్క బోర్డు ఆయనదే," అన్నాడు.

"ఆయన ఈ ఫొటోలో లేరు కదా."

"విభాగానికి అధిపతి ఆయన. పద్ధతి ఆయనది. వీళ్ళు మీటలు నొక్కారు."

ఆ చివరి మాట హంసికకి పంటికింద రాయిలా తగిలింది. విశాఖలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నప్పుడు ఒక్కో లెక్కకి నాలుగేసి పేజీలు చేత్తో నింపిన మనిషి ఆమె. మీటలు నొక్కడమంటే ఏమిటో గ్రెగ్‌కి తెలీదు. సోఫాలో కూర్చుని రిమోట్ నొక్కడం లాంటిదనుకుంటున్నాడు.

పెళ్ళయి నాలుగు నెలలు. అమెరికాలో ఈ ఆష్‌బర్న్ వచ్చి మూడు నెలలు. డిపెండెంట్ వీసామీద జీతం పని చెయ్యకూడదు కాబట్టి, వారానికి నాలుగు రోజులు ఇక్కడ వాలంటీర్‌గా చేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ రాష్ట్రంలోనే నడిచిన ఒక లెక్కల ఆఫీసు తాలూకు మూడు వందల కాగితాలు నేలమాళిగలో పెట్టెలో దొరికాయి. వాటిమీద ప్రదర్శన శనివారం మొదలు. బోర్డులు గురువారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ప్రింటింగ్‌కి వెళ్ళాలి. కాగితాలన్నీ స్కాన్ చెయ్యడం హంసిక పని.

ఆ పనంటే ఆమెకి చెప్పలేనంత ఇష్టం. ముఖ్యంగా స్కానర్‌కి ఉన్న ఒక బటన్. మరకలు, స్టాంపులు, ఎర్ర గీతలు తీసేసి నీలం, నలుపు సిరా మాత్రం ఉంచమని మొదటి రోజే గ్రెగ్ చెప్పాడు. "చూసేవాళ్ళకి నీట్‌గా ఉండాలి." బటన్ నొక్కితే చాలు, పాత కాగితం మూడుసార్లు కడిగిన బియ్యంలా తెల్లగా వచ్చేది. ప్రతిసారీ ఆమెకి ముచ్చటేసేది.

ఒక్కో కాగితం ఒక్కో ఫిరంగి గుండు దారి. గుండు బయల్దేరిన దగ్గర్నుంచి నేల తాకేదాకా, సెకనుకి పది చొప్పున ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరం వెళ్ళింది, ఎంత వేగం మిగిలింది, వరసగా అంకెలు. ఒక దారి పూర్తికావడానికి ఒక మనిషికి రెండు మూడు రోజులు. ఆ అంకెలు తప్పితే గుండు శత్రువు మీద కాక సొంత సైనికులమీదే పడుతుంది. కాగితం అడుగున నీలం సిరాతో లెక్క చేసినవాళ్ళ పొడి అక్షరాలు. అంతే. పేర్లు లేవు.

ఆ సోమవారం కోపంతో హంసిక స్కాన్ చెయ్యడం మానేసి, చదవడం మొదలుపెట్టింది. ఒక వరసలోంచి కింది వరస తీసెయ్యి. వచ్చిన తేడాల్లోంచి మళ్ళీ తేడాలు తియ్యి. లెక్క సరిగా నడుస్తుంటే ఆ తేడాలు బుద్ధిగా దిగుతాయి. ఎక్కడో ఒకచోట గెంతితే అక్కడ తప్పున్నట్టు. మొదటి నలభై కాగితాల్లో ఎవరూ ఈ తేడాలు రాసుకోలేదు. తప్పొస్తే మొత్తం మళ్ళీ చేసుకున్నారు, పాపం.

నలభై ఒకటో కాగితంలో పద్నాలుగో లైను కొట్టేసి ఉంది. ఆ పక్కన కొత్తగా ఒక గడి. తేడాల గడి. ఆ తర్వాతి కాగితాలన్నిటిలోనూ, ఎవరి చేతిరాతైనా సరే, ఆ గడి ఉంది. నలభై ఒకటి అడుగున: డబ్ల్యూ.కె., మార్చి 9, 1944.

ఇదే గడిని తన 'కొత్త పద్ధతి' అంటూ క్రేన్ గారు పై అధికారులకి రాసిన ఉత్తరం అద్దాల పెట్టెలో ఇప్పటికే దర్జాగా కూర్చుంది. దానిమీద తేదీ అదే ఏడు జూన్ 2.

రెండూ తీసుకెళ్ళి గ్రెగ్ బల్లమీద పక్కపక్కన పెట్టింది. అతను కళ్ళద్దాలు నుదుటిమీదకి తోసి చూశాడు. "ఇంట్రెస్టింగ్. ఎవరీ డబ్ల్యూ.కె.?"

"తెలీదు."

"రెండక్షరాలకి బోర్డు వెయ్యలేం, హంసికా."

"మూడు నెలలు ఆలస్యంగా వచ్చినాయనకి వెయ్యగలిగారు కదా!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే ఉలిక్కిపడింది.

* * *

"ఫ్రీగా పనిచేస్తూ, ఫైటింగ్ కూడా ఫ్రీగానే చేస్తున్నావా?" అన్నాడు ఆమె భర్త కౌశిక్ ఆ రాత్రి, వంటింటి గట్టుకి ఆనుకుని, నిలబడే పెరుగన్నం తింటూ. కూర్చుని తినమని నాలుగు నెలలుగా చెబుతోంది. నిలబడితే పెరుగన్నం చల్లగా లోపలికి దిగుతుందని అతని థియరీ. మామూలు రోజైతే ఆ థియరీకే ఆమె పావుగంట నవ్వేది.

"జీతం ఇస్తే ఇంకా పెద్దగా చేసేదాన్ని. నవ్వకు."

"నవ్వట్లేదే. నువ్వు కోపంలో గిన్నెలు ఎంత పద్ధతిగా సర్దుతావో చూస్తున్నా."

డిష్‌వాషర్ తలుపు ధడాలున మూసి బటన్ నొక్కింది. లోపల నీళ్ళు తిరుగుతున్న చప్పుడు. ఇంట్లో మూడో మనిషెవరో వచ్చి గిన్నెలు తోమిపెడుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఆమెకి ఇంకా కొత్తే, ఇంకా సరదాయే. ఇవాళ మాత్రం, ఆ మూడో మనిషి పేరేంటో అని పిచ్చి ఆలోచనొచ్చింది.

అప్పుడే పై అంతస్తు పద్మ ఆంటీ కరివేపాకు తీసుకుని వచ్చింది. ఆవిడ దగ్గర్లోని వృద్ధుల హోమ్‌లో ఫిజియోథెరపిస్టు. హంసిక కోపమంతా వింటూ వింటూ, మధ్యలో ఆపింది. "ఆగాగు. మా దగ్గర నూటొక్క ఏళ్ళావిడ ఉంది. విల్మా హార్ట్‌మన్ అని. కాలు పైకెత్తి పదిదాకా లెక్కపెట్టండి అంటే, 'ఫిరంగులకి లెక్కలు కట్టినదాన్ని, నాకు పది నేర్పుతావా?' అంటది. ముసలావిడ ఏదో జోకేస్తోందని మేమంతా నవ్వుకుంటం."

"ఫిరంగులకా! పుట్టింటి ఇంటిపేరేంటి ఆంటీ?"

"నాకేం తెలుసు తల్లీ! రేపు ఆమెనే అడిగి, చెప్పమంటే చెప్తా."

మంగళవారం పది గంటలకి పద్మ ఆంటీ ఫోన్ చేసింది. "పెళ్ళికి ముందు కొవాల్‌స్కీ అట. నువ్వొస్తే మాట్లాడతా అంటోంది. ఆమె పేరు వాడుకోడానికి ఆమెకీ, ఆమె కూతురికీ అభ్యంతరం లేదట. అమ్మాయ్, వింటున్నావా?"

వినడం లేదు. ఫోన్ బల్లమీద పెట్టేసి, డబ్ల్యూ అంటే విల్మా, కె అంటే కొవాల్‌స్కీ అనుకుంటూ స్కానర్ చుట్టూ ఒక రౌండు గెంతుతోంది.

గ్రెగ్ చెడ్డవాడు కాదు. ఆ కూతురితో స్వయంగా ఫోన్‌లో మాట్లాడాడు, తేదీలు సరిచూసుకున్నాడు, నిట్టూర్చి క్రేన్ బోర్డులో ఒక లైను తీసి ఇంకో లైను పెట్టాడు. 'ఈ పద్ధతిని మొదట కనిపెట్టి అమలుచేసినది విల్మా కొవాల్‌స్కీ హార్ట్‌మన్.' ఫొటో కింద 'సహాయకురాళ్ళు' మాత్రం అలాగే ఉంచాడు. "మిగతా ఐదుగురి పేర్లు తెలియవు కదా." అచ్చు నమూనా తీసి చూపించాడు. అడుగున, చిన్న అక్షరాల్లో, కొత్తగా ఇంకో లైను: 'కాగితాలు శుభ్రపరచి స్కాన్ చేసినవారు: హంసిక వేమూరి.'

హంసిక దానికి ఫొటో తీసి విశాఖలో అమ్మకి పంపింది. కౌశిక్‌కి పంపింది. అమెరికాలో ఆమె పేరు, కౌశిక్ భార్య అని కాకుండా, ఒక్కటే నిలబడటం అదే మొదటిసారి.

"గురువారం పొద్దున నువ్వు ఇంకోసారి చదివి సంతకం పెట్టాలి," అన్నాడు గ్రెగ్. పోయినేడు ఒక దాత పేరు తప్పు అచ్చయి, బోర్డు మళ్ళీ చేయించాల్సి వచ్చింది. అప్పట్నుంచి ట్రస్టీలు ఒక రూలు పెట్టారు. నమూనాని ఇద్దరు చదివి సంతకాలు పెట్టందే ప్రెస్సువాళ్ళు ముట్టుకోరు. రెండో సంతకం పెట్టే ఆఫీసు మేనేజర్ సెలవులో ఉంది.

* * *

బుధవారం మధ్యాహ్నం హంసికే డ్రైవ్ చేసింది. లెర్నర్ పర్మిట్ కాబట్టి పక్క సీట్లో కౌశిక్ లంచ్ అవర్ త్యాగం చేసి కూర్చున్నాడు. దారికి రెండువైపులా కిటికీల్లేని డేటా సెంటర్ గోడలు. వాటిలో ఒకదాన్లోనే అతని ఉద్యోగం.

"ఆ గోడల వెనకాల కంప్యూటర్లు ఉన్నాయి కదా, ఒకప్పుడు కంప్యూటర్ అంటే ఆడమనిషి, తెలుసా? పోస్టు పేరే అది," అంది.

"తెలుసు, నిన్నట్నుంచి ఆరోసారి వింటున్నా. స్టాప్ సైన్! స్టాప్ సైన్!"

పద్మ ఆంటీ వాళ్ళని కిటికీ పక్క కుర్చీలో ఉన్న విల్మా దగ్గరికి తీసుకెళ్ళి, మరో గదిలో పనుందని వెళ్ళిపోయింది. విల్మా మనిషి పిట్టంత ఉంది. వేళ్ళు మాత్రం పొడుగ్గా, కుర్చీ చేతిమీద ఊరుకోకుండా కదులుతున్నాయి. హంసిక మోకాళ్ళమీద కూర్చుని, అందంగా అచ్చువేయించి తెచ్చిన నలభై ఒకటో కాగితం ఆమె ఒళ్ళో పెట్టింది.

విల్మా దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. వేలు పద్నాలుగో లైనుదాకా తిన్నగా వెళ్ళి ఆగింది. నవ్వుతుందని, ఏడుస్తుందని, ఏదో ఒకటి చేస్తుందని హంసిక ఎదురుచూసింది.

"ఎరుపేదీ?" అంది విల్మా.

"ఏ ఎరుపండీ?"

"ఇది నా కాగితం కాదు. నా కాగితాన్ని ఎవరు కడిగారు?"

హంసికకి అర్థం కావడానికి క్షణం పట్టింది. "నేనే," అంది.

విల్మా ఆమెవైపు చూసింది. తర్వాత కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"మాది పై గది. కిటికీలుండేవి. ఫొటో తీశారే, అది. మా కింద, బాయిలర్ పక్కన ఇంకో గది. అందులో నల్లజాతి అమ్మాయిలు. మేం లెక్కలు చేసి బుట్టలో పెట్టి తాడుతో కిందికి దింపేవాళ్ళం. వాళ్ళు ఎర్ర పెన్సిల్‌తో సరిచూసి పైకి పంపేవాళ్ళు. సరైన లైనుకి చుక్క. తప్పైతే గీత. ఎరుపు లేని కాగితం బిల్డింగు దాటకూడదు. మా రూలు అది."

"మరి ఈ గడి..."

"పద్నాలుగో లైన్లో నేను తప్పు చేశాను. అలాంటి తప్పులు అందరం చేసేవాళ్ళం. కింద ఓ.బి. అని ఒకామె. నా కాగితం తిరిగొచ్చేసరికి పక్కన ఎర్రగా, ఇంత చిన్న అక్షరాలతో రాసుంది. 'ఈ గడి కలుపుకో. తప్పు ఎక్కడుందో నేను చెప్పక్కర్లేదు, అదే చెబుతుంది.' కింద లెక్క కూడా వేసి చూపించింది. మర్నాడు నేను దాన్ని నీలం సిరాతో ఎక్కించాను. సిరా నాది. బుర్ర ఆమెది."

కౌశిక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆమెని కలిశారా?"

"మెట్లమీద రెండుసార్లు ఎదురైంది. ఒకసారి నన్ను చూసి, 'పద్నాలుగో లైను' అంది. నేను నవ్వాను. ఆగి ఒక్కమాట మాట్లాడలేదు. ఆగకూడదని ఎవరూ చెప్పక్కర్లేదు ఆ రోజుల్లో, కాళ్ళకే తెలుసు. ఒడెస్సా బెల్. పూర్తి పేరు హాజరు పిలుస్తుంటే విన్నాను."

"ఇన్నేళ్ళలో ఎవరికైనా చెప్పారా?" హంసిక గొంతులో కోపం ఆమెకే వినిపించింది. నూటొక్క ఏళ్ళ మనిషిమీద కోపం. ఆపుకోలేకపోయింది. "ఎవరూ అడగలేదా?"

"అడగలేదంటే అబద్ధం. ఒకసారి పేపరువాళ్ళొచ్చారు. 'మేం కనిపెట్టాం' అన్నాను. మేం అంటే పై గది అని రాసుకున్నారు. చదివాను. దిద్దలేదు." విల్మా వేళ్ళు మొదటిసారి కదలడం మానేశాయి. "నీకు కోపమొచ్చింది. రావాలి. నాకు ఈ కాగితం చూడగానే వచ్చింది."

వెళ్ళేముందు విల్మా ఆమె చెయ్యి పట్టుకుంది. "సరిచూడకుండా నా కాగితం బయటికి పంపకు."

తిరుగుదారిలో హంసిక కారు తాళాలు కౌశిక్‌కి ఇచ్చేసింది. చాలా దూరం పోయాక, "ఎరుపు నాకు కనిపించింది," అంది. "ప్రతి కాగితం మీదా కనిపించింది. చుక్కలు, పక్కన చిన్న రాతలు, అడుగున ఓ.బి. చూశాను. పరీక్ష పేపరు దిద్దినవాళ్ళ రాతలా ఉంది. దిద్దినవాళ్ళ పేరు ఎవరికి కావాలి అని కూడా అనుకోలేదు. అసలేమీ అనుకోలేదు. బటన్ నొక్కాను. ముచ్చటపడుతూ నొక్కాను కౌశిక్!"

"గ్రెగ్ చెప్పాడు కదా తీసెయ్యమని."

"క్రేన్‌కి కూడా ఎవరో చెప్పే ఉంటారు."

కౌశిక్ సిగ్నల్ దగ్గర ఆగాడు. ఆమెవైపు చూడకుండా, "రేపు ఎన్నింటికి తెరుస్తారు మ్యూజియం?" అనడిగాడు.

"ఎనిమిదికి."

"ఏడున్నరకి దింపుతా."

* * *

రంగుల్లో స్కాన్ చేస్తే ఒక్కో కాగితానికి నాలుగు రెట్లు టైము పడుతుంది. హంసిక నలభై ఒకటితో మొదలుపెట్టింది. తెరమీద మొదట నీలం వచ్చింది, తర్వాత ఎరుపు. లైను పక్కన లైను, సన్నని చుక్కలు, పద్నాలుగో దగ్గర గీత. పక్కన నాలుగు లైన్ల రాత, అంకెలన్నీ ఒకే ఎత్తులో, చెక్కినట్టు. కింద ఓ.బి., మార్చి 8.

మార్చి 8. నీలానికి ఒకరోజు ముందు.

'సంబంధం లేనివి' అని గ్రెగ్ రాసిపెట్టిన అట్టపెట్టె బల్లకింద ఉంది. ఆమె స్కాన్ చెయ్యక్కర్లేదని పక్కన పెట్టిన పెట్టె. నేలమీద కూర్చుని ఒక్కొక్కటే తీసింది. క్యాంటీన్ చీటీలు, బొగ్గు రసీదులు, ఒక హాజరు పట్టీ. 'కింది గది, సరిచూచువారు.' తొమ్మిది పేర్లు. నాలుగోది ఒడెస్సా బెల్. ఆ పట్టీని చేత్తో పట్టుకుని, తొమ్మిది పేర్లూ పైకి చదివింది.

పది దాటాక గ్రెగ్ నమూనా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మొదటి సంతకం అప్పటికే పెట్టేశాడు. హంసిక రంగు కాగితం, హాజరు పట్టీ అతని చేతికిచ్చింది. చెప్పాల్సిందంతా తర్వాత చెప్పింది. తడబడకుండా, తేదీలతో సహా.

"చూడు," అన్నాడు గ్రెగ్ చివరికి. గొంతు మెత్తగానే ఉంది. "నువ్వు మంగళవారం ఒక లైను గెలిచావు. చిన్న విషయం కాదది. ఒక్క ప్రదర్శనకి అది చాలదా? ఇలా వెతుక్కుంటూ పోతే బోర్డు కాదు, టెలిఫోన్ డైరెక్టరీ అవుతుంది. వచ్చే ఏడు ఈవిడమీద విడిగా ఏదైనా చేద్దాం."

"ఎనభై ఏళ్ళు ఆగింది. ఇంకో ఏడు ఆగమంటారు."

"పన్నెండుకి ఫైలు పంపాలి. సంతకం పెట్టు."

పెన్ను ఆమె ముందుకి జరిపాడు. హంసిక ఆ పెన్ను తీసుకోలేదు. అతని బల్లమీద గ్లాసులో ఉన్న పెన్సిళ్ళలోంచి ఎర్రది ఏరుకుంది. మొన చూసి, చెక్కి, పొట్టు అరచేతిలోకి దులుపుకుని బుట్టలో వేసింది. అప్పుడు నమూనా మొదటి లైనునించి చదవడం మొదలుపెట్టింది. సరిగ్గా ఉన్న ప్రతి లైను పక్కన ఒక చుక్క పెట్టుకుంటూ.

విల్మా లైను దగ్గర గీత గీసింది. పక్కన రాసింది: 'కనిపెట్టినది ఒడెస్సా బెల్. అమలుచేసినది విల్మా కొవాల్‌స్కీ హార్ట్‌మన్.' 'సహాయకురాళ్ళు' దగ్గర ఇంకో గీత. 'లెక్కలు చేసినవారు. సరిచూసినవారు ఈ ఫొటోలో లేరు, పేర్లు కింద.' తొమ్మిది పేర్లూ రాసింది. చిన్న అక్షరాలే, అంకెలంత పొందిగ్గా.

"ఇది బ్లాక్‌మెయిల్," అన్నాడు గ్రెగ్.

"కాదు. చెకింగ్."

ఆమె ఇంకా కిందికి వచ్చింది. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో తన పేరు. అమ్మ దాన్ని మొన్నే ఊళ్ళో అందరికీ ఫార్వర్డ్ చేసింది. మేనత్త కొబ్బరికాయ కొట్టిందట. హంసిక దానిమీద కూడా ఒక ఎర్ర గీత గీసింది.

గ్రెగ్ ముందుకి వంగి చూశాడు. "అదెందుకు? స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది కదా."

"స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. పనే తప్పు. మూడు వందలూ మళ్ళీ చెయ్యాలి."

నమూనాని అతనివైపు తిప్పి పెట్టింది. రెండో సంతకం చోటు ఖాళీగా ఉంది.

అతను నమూనాని పక్కకి జరిపాడు. తర్వాత రంగు కాగితం దగ్గరికి లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఎర్ర రాత పక్కనున్న అంకెలమీద వేలు పెట్టాడు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తూ, పెదాలు కదుపుతూ, నెమ్మదిగా కిందికి దిగాడు. పద్నాలుగో లైను దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

ఫోన్ మోగింది. ప్రెస్సువాళ్ళు.

"ఆఁ, గ్రెగ్‌నే," అన్నాడు. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "లేదు, ఇప్పుడే పంపలేను. లేట్ ఫీజు వేస్తే వేసుకోండి." కొంచెంసేపు విన్నాడు. "లేదండీ. ఇంకా చెక్ కాలేదు."

హంసిక అప్పటికే స్కానర్ దగ్గర ఉంది. ఆ బటన్ మీద కాగితం ముక్క ఒకటి టేపుతో అతికించి, పెట్టె అడుగునించి ఒకటో నంబరు కాగితం తీసింది.